పడవ లాగే వించి గురించి మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం, ఒడ్డు ఫోటోలు చేరాయి. పడవ పైకి లాగడానికి ఇప్పుడు పన్నెండు మంది కూడా పోగవడం లేదని రాశావు. చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. నేను ఆ ఊళ్లో ఉన్న రోజుల్లో పడవ ఇసుక తాకిందంటే పిలవకుండానే ముప్పై మంది వచ్చి భుజం పెట్టేవారు. ఒకరు హైలెస్సా అంటే మిగతావాళ్లు అందుకునేవారు. ఆ భుజాలు ఇప్పుడు గుజరాత్‌లోని వెరావల్‌లోనూ చెన్నైలోనూ ఇంకొకరి పడవల మీద పనిచేస్తున్నాయి. కాబట్టి మీరు నలుగురూ కలిసి వించి, అంటే డ్రమ్ముకు తాడు చుట్టుకుంటూ పడవను లాగే యంత్రం, కొనాలనుకోవడం మంచి ఆలోచన. ఒక దుకాణంలో రెండు టన్నులది చాలన్నారని, మరోచోట మూడు టన్నులది తీసుకోమన్నారని, ఏది కొనాలని అడిగావు. ఆ ఇద్దరూ నీ పడవ బరువెంతో అడగలేదు, ఒడ్డు ఎంత వాలుగా ఉందో అడగలేదు. అవి తెలుసుకోకుండా టన్నులు చెప్పేవారి మాట మీద మీ నలుగురి డబ్బు పెట్టవద్దు.

ముందు బరువు చూద్దాం. నీది 28 అడుగుల ఫైబర్ బోటు. ఖాళీ బోటు వెయ్యి కిలోలని తయారుచేసినవాళ్లు చెప్పారని రాశావు. దాని మీద ఇంజను, తడిసిన వలలు, ఐసు పెట్టె, ఇంధనం, లంగరు, మోకులు, అడుగున నిలిచిన నీళ్లు ఉంటాయి. వేట నుంచి వచ్చిన పడవను ఎప్పుడూ 1600 కిలోల కింద లెక్కపెట్టు. ఇంజను, వలలు దించి లాగితే 1200కి తగ్గుతుంది. రోజూ అలాగే చెయ్యి కూడా. కానీ వించి ఎంచుకునేటప్పుడు మాత్రం 1600కే ఎంచుకో, ఎందుకంటే తుపాను ముంచుకొచ్చిన రాత్రి వలలు దించే తీరిక ఎవరికీ ఉండదు.

వాలును కంటితో అంచనా వేయవద్దు. తాపీ మేస్త్రీ దగ్గర నీళ్లు నింపిన గొట్టం ఉంటుంది, దాన్ని అడిగి తెచ్చుకో. నీటి అంచు దగ్గర ఒక కర్ర, పడవ నిలిపే చోట ఒక కర్ర పాతి మట్టం చూస్తే ఎత్తు తేడా తెలుస్తుంది. మధ్యలో, గట్టు అంచు దగ్గర విడిగా ఇంకోసారి కొలువు. నీ ఫోటోల్లో అక్కడే ఏటవాలు ఎక్కువగా కనిపిస్తోంది. అయిదడుగులు ముందుకు వెళితే ఒక అడుగు పైకి లేస్తున్నట్టు ఉంది. ఆ లెక్కనే తీసుకుంటే 1600 కిలోల పడవను వాలు మీద వెనక్కి గుంజే బరువు సుమారు 320 కిలోలు.

ఇంతేనా అనిపిస్తుంది. మిగతా బరువంతా ఇసుకది. పడవ అడుగు ఇసుక మీద నేరుగా రాసుకుంటూ వస్తే ఆ రాపిడి పడవ బరువులో దాదాపు సగం ఉంటుంది. అంటే మరో 780 కిలోలు. రెండూ కలిపితే 1100. రాత్రంతా నిలిచి ఇసుకలో కూరుకున్న పడవను మొదటిసారి కదిలించాలంటే దానికి ఒకటిన్నర రెట్లు బలం కావాలి. అదే పడవను గ్రీజు రాసిన అడ్డదుంగల మీద లాగితే రాపిడి పడవ బరువులో అయిదో వంతుకు దిగుతుంది, మొత్తం 630 కిలోల దగ్గర ఆగుతుంది. వాలును మనం మార్చలేం, రాపిడిని సగానికి పైగా తగ్గించుకోగలం. కాబట్టి నీ మొదటి ఖర్చు సరుగుడు దుంగల మీద పెట్టు. దుంగలను ఇసుక మీద నేరుగా వేస్తే కూరుకుపోతాయి. కింద రెండు వరుసల మందపాటి పలకలు పరిచి, వాటి మీద అడ్డంగా వేసి బిగించాలి.

నా లెక్కను కూడా గుడ్డిగా నమ్మవద్దు. పాత ఇనుము కొనే దుకాణాల్లో కొక్కేనికి వేలాడదీసి తూచే కాటా ఉంటుంది. మూడు టన్నుల దాకా తూచేది ఒకరోజుకు అద్దెకు తెచ్చుకుని, ట్రాక్టరుకూ పడవకూ మధ్య తగిలించి, మెల్లగా లాగించు. కదిలేటప్పుడు ఎంత చూపించింది, గట్టు అంచు దగ్గర ఎంత చూపించింది అన్నది దూరంగా నిలబడి ఫోనులో వీడియో తీసి రాసిపెట్టు. ఆ రోజు అద్దె డబ్బు వృథా అనుకోవద్దు. ఆ కాగితం చేతిలో ఉంటే ఏ దుకాణదారూ నిన్ను మాటలతో తిప్పలేడు.

ఇక అసలు సంగతి. పడవ ఇసుక మీద ఉన్నంతసేపు వించి చెడిపోయినా అది వెనక్కి పోదు, ఇసుకే పట్టి ఉంచుతుంది. దుంగలు వేసి గ్రీజు రాయగానే ఆ పట్టు పోతుంది. చక్రాల బండి మీద ఎక్కిస్తే ఇంకా పోతుంది. లాగడం ఎంత తేలిక చేసుకుంటే బ్రేకు మీద అంత భారం పడుతుంది. అందుకే వించిని చూసేటప్పుడు ఎంత లాగుతుంది అని అడిగే ముందు, మధ్యలో చెయ్యి వదిలేస్తే ఏమవుతుంది అని అడుగు.

నా కుడి మణికట్టు వంకరగా ఉండడం నువ్వు చిన్నప్పటి నుంచి చూస్తున్నావు. ఎలా జరిగిందో మీ అమ్మకు తెలుసు, నీకు ఎప్పుడూ చెప్పలేదు. 1994లో నేను ఒక పడవల మరమ్మతు యార్డులో వించి మీద పనిచేసేవాణ్ణి. అది చేతి వించి. పంటిచక్రం వెనక్కి తిరగకుండా ఒక చిన్న ఇనుప నాలుక ఆపేది, వేరే బ్రేకు లేదు. పడవను దించాలంటే ఆ నాలుకను వేలితో ఎత్తి, హ్యాండిల్‌ను చేతి బలంతో పట్టుకుని వెనక్కి వదలాలి. ఆ ఉదయం హ్యాండిల్ నా చేతిలోంచి జారింది. అది గిర్రున తిరిగి మణికట్టును విరిచేసింది. నాలుకను మళ్లీ పళ్లలో వేయబోతే అరిగిన పళ్ల మీద అది నిలవలేదు. పడవ పట్టాల మీద వెనక్కి దిగిపోయి, కింద చీల పెడుతున్న నా తోటివాడి కాలు మీదికి వెళ్లింది. వాడు మళ్లీ సముద్రం మీదికి పోలేదు. ముందు వారమే ఆ పళ్లు అరిగాయని మాకందరికీ తెలుసు. సీజను అయ్యాక మార్చుదామనుకున్నారు.

కాబట్టి చేతి వించి అయినా సరే, హ్యాండిల్ వదిలేసిన చోటే బరువు నిలిచిపోయే ఆటోమేటిక్ బ్రేకు ఉన్నదే కొను. దానిలో పడవను దించాలంటే హ్యాండిల్‌ను వెనక్కి తిప్పాల్సిందే, వదిలితే ఆగిపోతుంది. వర్మ్ గేరు, అంటే మర కడ్డీతో పంటిచక్రాన్ని తిప్పే ఏర్పాటు, ఉంటే వెనక్కి తిరగదని, బ్రేకు అక్కరలేదని కొందరు చెబుతారు. నిలకడగా ఉన్నప్పుడు చాలావరకు నిజమే. నూనె పట్టి, అదురు తగిలితే అది కూడా మెల్లగా జారగలదు. వేరే బ్రేకు ఉండాల్సిందే. దుకాణంలోనే బరువు కట్టించి, సగం దించి, చెయ్యి తీసేసి చూపించమను. చూపించకపోతే లేచి వచ్చేయి.

వించి మీద రాసిన టన్నుల గురించి ఒక మాట. ఆ అంకె డ్రమ్ము మీద మొదటి వరుస తాడుకు మాత్రమే. వరుస మీద వరుస చుట్టుకునే కొద్దీ డ్రమ్ము లావెక్కి లాగే బలం తగ్గుతుంది. 20 సెంటీమీటర్ల లావు డ్రమ్ము మీద 10 మిల్లీమీటర్ల తాడైతే మూడో వరుసకు ఆరో వంతు పోతుంది. జీపులకు బిగించే చిన్న డ్రమ్ము వించిల్లో నాలుగో వరుసకు దాదాపు సగం పోతుంది. అందువల్ల నిండా చుట్టుకున్న డ్రమ్ముతో ఎంత లాగుతుందో రాసి ఇమ్మని అడుగు. నీ పడవకు దుంగల మీద 630 కిలోలు, కదిలించే బలానికి ఒకటిన్నర రెట్లు, అంటే 950. నిండు డ్రమ్ముతో ఒక టన్ను లాగేది నీకు కావాలి. దుంగలు లేకుండా ఇసుక మీదే లాగుతానంటే రెండు టన్నులది కూడా బొటాబొటిగానే ఉంటుంది.

చేతిదా, ఇంజనుదా అన్నది రోజుకు ఎన్నిసార్లు లాగుతారన్న దాన్నిబట్టి ఉంటుంది. 12 సెంటీమీటర్ల లావు డ్రమ్ము ఒక చుట్టు తిరగడానికి హ్యాండిల్ పది చుట్లు తిప్పాల్సిన వించి అనుకో. నీ పడవను 25 మీటర్లు పైకి తేవడానికి ఇద్దరు మనుషులు 660 సార్లు తిప్పాలి. ఆగకుండా తిప్పినా ఇరవై నిమిషాలు దాటుతుంది. ఏడాదికి నాలుగుసార్లు లాగేవాళ్లకు అది చాలు. నాలుగు పడవలు రోజూ ఎక్కించే మీకు చాలదు. నిమిషానికి ఆరు మీటర్ల చొప్పున ఒక టన్ను లాగడానికి, గేర్లలో పోయేది కలుపుకున్నా, రెండుంబావు హార్స్‌పవర్ సరిపోతుంది. అయిదు హార్స్‌పవర్ డీజిల్ ఇంజను పెట్టుకుంటే అది ఆయాసపడకుండా పనిచేస్తుంది.

కరెంటు మోటారు చవక, శబ్దం తక్కువ అని నువ్వు రాశావు. నిజమే. అయినా వద్దంటాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పటి సంగతి నీకు గుర్తుండే ఉంటుంది. పడవలను ఇంకా పైకి లాగాల్సిన గంటల్లోనే కరెంటు పోతుంది. వించి అవసరం ప్రాణం మీదికి వచ్చే రాత్రి పనిచేయని వించి మనకెందుకు? డీజిల్‌దే తీసుకుని, ఇంజను మొరాయిస్తే చేత్తో తిప్పడానికి హ్యాండిల్ అమరే ఏర్పాటు ఉందో లేదో చూడు. జీపు వించి అసలే వద్దు. గట్టిగా లాగేటప్పుడు బ్యాటరీ నుంచి వందల ఆంపియర్లు గుంజుతుంది. కాసేపు పనిచేసి చల్లారడానికి చేసిన యంత్రమది, రోజూ నాలుగు పడవలు లాగితే కాలిపోతుంది. పైగా ఉప్పు గాలికి దాని స్విచ్చులు నిలవవు.

తాడు పొడవు కూడా తుపానును చూసుకునే నిర్ణయించు. రోజూ లాగేది 25 మీటర్లే అయినా, తుపానుకు ఇంకో 20 మీటర్లు పైకి తేవాలి. డ్రమ్ము మీద ఎప్పుడూ కనీసం అయిదు చుట్లు మిగలాలి. మొత్తం 50 మీటర్లు. జింకు పూసిన 10 మిల్లీమీటర్ల ఇనుప తాడు తెగే బరువు అయిదున్నర టన్నులకు పైగా ఉంటుంది. అందులో అయిదో వంతే మనం వాడుకోవాలి, నీకు సరిపోతుంది. లంగరుకు వాడే నైలాన్ మోకును వించికి చుట్టవద్దు. అది సాగి, తెగినప్పుడు కొరడాలా వెనక్కి కొడుతుంది. తాడు చివరను ఉచ్చులా వెనక్కి మడిచి, రెండు పోగులనూ కలిపి బిగించే క్లిప్పులు కనీసం మూడు వెయ్యాలి. వంగిన యు కడ్డీ మడిచిన పొట్టి కొస మీద, జీను లాంటి భాగం బరువు మోసే తాడు మీద కూర్చోవాలి. తిరగేసి బిగించినవి చాలా రేవుల్లో చూశాను.

వించిని కొబ్బరిచెట్టుకు కట్టాలన్న ఆలోచన మానుకో. ఇసుకలో దాని వేళ్లు ఏళ్ల తరబడి అదే వైపు గుంజుడును తట్టుకోలేవు. ఎనిమిదడుగుల తాటి మొద్దును అయిదడుగుల లోతులో అడ్డంగా పూడ్చి, దాని నడుముకు గొలుసు కట్టి, గొలుసు పైకి వచ్చే దారిని వాలుగా తవ్వాలి. గొలుసు నిట్టనిలువుగా పైకి వస్తే మొద్దు లేచిపోతుంది. గిలక విషయంలో జాగ్రత్త. పడవకు కట్టిన గిలక బలాన్ని రెట్టింపు చేస్తుంది, వేగాన్ని సగం చేస్తుంది. తాడు అక్కడి నుంచి వెనక్కి మళ్లడానికి నేలలో పాతిన గిలక బలమేమీ ఇవ్వదు, దాని గుంజ మీద మాత్రం రెట్టింపు భారం వేస్తుంది. మొదటి గిలక డ్రమ్ముకు అయిదు మీటర్ల లోపు ఉండకూడదు, దగ్గరైతే తాడు వరుసగా చుట్టుకోదు.

పడవ ముక్కు మీది కట్టుగూటానికి తాడు తగిలించి లాగడం నీ ఫోటోలో చూశాను. వెంటనే ఆపు. ఫైబర్ అక్కడ పలచన, ఏదో ఒక రోజు గూటం ఊడి వించి తిప్పేవాడి ముఖం మీదికి వస్తుంది. ముక్కు కింద, అడుగుకు దగ్గరగా, లోపలి వైపు వెడల్పాటి ఇనుప పలక వేసి బోల్టులతో బిగించిన రింగు పెట్టించు.

లాగేటప్పుడు సైగ చేసేది ఒక్కడే ఉండాలి. తాడు మధ్యలో తడి ఇసుక నింపిన గోనెసంచి వేలాడదియ్యి, తెగితే ఎగరకుండా ఉంటుంది. చేపల గంపలతో ఆడవాళ్లు అటే దాటుతారు, పిల్లలు తాడు మీద ఊగుతారు. తాడు బిగిసి ఉన్నంతసేపు దానికి రెండు వైపులా ఎవరినీ రానివ్వకు. ఈ ఒక్క విషయంలో పెద్దలు, బంధువులు అని మొహమాటపడవద్దు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కదా, ఆ 61 రోజుల్లోనే బిగింపు పని పూర్తిచేద్దాం. నేను ఏప్రిల్ చివర్లో వస్తాను. ఆలోగా తాటి మొద్దు, పన్నెండు సరుగుడు దుంగలు తెచ్చి ఉంచు. కాటా కాగితం నాకు ముందే పంపు, అది చూశాకే దుకాణానికి వెళదాం. అక్కయ్యకు నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య