బల్ల దగ్గర కూర్చునే ముందు

అమ్మలూ,

సెప్టెంబరు 17న మీ ఊరి లైబ్రరీలో బల్ల వేసుకుని, వచ్చేపోయేవాళ్ళని అమెరికా చరిత్ర, ప్రభుత్వం గురించి ప్రశ్నలు అడుగుతానన్నావు. 1787లో ఫిలడెల్ఫియాలో 39 మంది రాజ్యాంగం మీద సంతకాలు పెట్టిన రోజది, ముహూర్తం బాగానే కుదిరింది. నువ్వు పంపిన నలభై ప్రశ్నలూ చూశాను. అందులో ముప్ఫై తీసెయ్. కోప్పడకు, ఎందుకో చెబుతాను.

తెనాలిలో ముప్ఫై ఏళ్ళు సోషల్ చెప్పి, టెక్సాస్ వచ్చాక పౌరసత్వ పరీక్షకి చదువుకునేవాళ్ళకి లైబ్రరీలో సాయం చేస్తున్నాను కదా, ఒక ఏడాది నాకూ నీ బుద్ధే పుట్టింది. బయటినుంచి వచ్చినవాళ్ళని అడిగే ప్రశ్నలు ఇక్కడే పుట్టినవాళ్ళని అడిగితే ఎలా ఉంటుందని. మొదటి గంటలోనే ఒక పెద్దాయన వచ్చారు. వియత్నాం యుద్ధంలో పనిచేసినట్టు టోపీ మీద కుట్టి ఉంది. రాజ్యాంగానికి ఎన్ని సవరణలు జరిగాయండీ అన్నాను. ఆయన పైకి చూశారు, వేళ్ళు మడిచారు, "ఇరవై..." అని ఆగిపోయారు. నేనేం చేశానో తెలుసా? ఆయన చూస్తుండగానే కాగితం మీద ఎర్రపెన్నుతో ఇంటూ కొట్టాను. అలవాటు మరి. ఆయన కాసేపు ఆ ఇంటూ వంకే చూసి, "సిటీ కౌన్సిల్లో మన పేట తరఫున ఎవరున్నారు?" అని నన్ను అడిగారు. నీళ్ళు నమిలాను. 27 సవరణలూ వరసగా అప్పజెప్పగలను కానీ, మా రోడ్డు గుంటల గురించి ఎవరికి చెప్పుకోవాలో నాకు తెలియదు.

అందుకే అంకెలు తీసెయ్యమంటున్నాను. ప్రతినిధుల సభలో 435 మంది అని చెప్పలేకపోయినంత మాత్రాన ఎవరి పౌరసత్వానికీ లోటు రాదు. ప్రతినిధికి రెండేళ్ళు, సెనేటర్‌కి ఆరేళ్ళు ఎందుకు పెట్టారో అడుగు, మాటలు సాగుతాయి. డ్రైవింగ్ లైసెన్సు ఇచ్చేదెవరు, పాస్‌పోర్టు ఇచ్చేదెవరు అని అడుగు. రాష్ట్రం పనేదో ఫెడరల్ ప్రభుత్వం పనేదో ఆ ఒక్క ప్రశ్నతో తేలిపోతుంది. "జీవించే హక్కు, స్వేచ్ఛ, ఆనందాన్ని వెతుక్కునే హక్కు" అన్న మాటలు ఎక్కడివి అన్న ప్రశ్న మాత్రం తప్పకుండా ఉంచు. చాలామంది రాజ్యాంగం అంటారు. కాదు, 1776 స్వాతంత్ర్య ప్రకటనలోవి. ఆ తప్పు కూడా పనికొచ్చే తప్పే. ఆ రెండు కాగితాలకీ తేడా చెప్పడానికి నీకు సందు దొరుకుతుంది.

"జనానికి ఏమీ తెలియడం లేదు" అని మొదలుపెట్టకు. ఈ గోల కొత్తదేం కాదు. టెక్సాస్ విద్యార్థులకి చరిత్రలో పెట్టిన పరీక్ష ఫలితాలు 1917లోనే అచ్చయ్యాయి. హైస్కూలు పిల్లలకి సగటున మూడో వంతు మార్కులే వచ్చాయి. చాలామందికి కొలంబస్ వచ్చిన 1492 తెలుసుగానీ 1776 తెలియదు. థామస్ జెఫర్సన్‌కీ, అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షానికి అధ్యక్షుడైన జెఫర్సన్ డేవిస్‌కీ ముడిపెట్టేశారు. 2018లో చేసిన ఒక సర్వేలో కూడా అమెరికన్లలో పౌరసత్వ పరీక్షలో గట్టెక్కేవాళ్ళు మూడింట ఒక వంతే అని తేలింది. మనవాళ్ళు అది చూసి తెగ మురిసిపోయారు. వాళ్ళని ఉన్నపళాన అడిగారు, మనం నెలల తరబడి బట్టీపట్టి వెళ్ళాం. పోలిక ఎక్కడిది?

ఇప్పుడు ఆ బట్టీ కూడా పెరిగింది. 2025 అక్టోబరు 20 నుంచి దరఖాస్తు పెట్టినవాళ్ళకి 128 ప్రశ్నల జాబితా ఇస్తున్నారు. ఆఫీసరు 20 దాకా అడుగుతారు, 12 సరిగ్గా చెప్పాలి. ఇదివరకు 100లోంచి 10 అడిగితే 6 చాలేవి. ఏ పద్ధతిలోనైనా నోటితో చెప్పాల్సిందే, కింద నాలుగు జవాబులిచ్చి టిక్కు పెట్టమనరు. నీ బల్ల దగ్గర మాత్రం ముందు నోటితో అడుగు, తట్టకపోతే మూడు జవాబులు రాసిన అట్టముక్క చూపించు. తెలియకపోవడం వేరు, ఆ క్షణానికి నోటికి రాకపోవడం వేరు.

ఇంకో సంగతి, ఇది గట్టిగా గుర్తుపెట్టుకో. ఈ దేశంలో బల్ల వెనక కూర్చుని పౌరుడి తెలివి కొలవడానికి చేదు చరిత్ర ఉంది. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతివాళ్ళు ఓటు నమోదుకి వెళితే, రాష్ట్ర రాజ్యాంగంలో ఒక ముక్క చదివి అర్థం చెప్పమనేవారు. చెప్పింది చాలో చాలదో తేల్చేది ఆ తెల్ల గుమస్తానే. 1965లో ఓటు హక్కు చట్టం వచ్చాక గానీ ఆ పరీక్షలకి అడ్డుకట్ట పడలేదు. నీ దగ్గరికి వచ్చే పెద్దవాళ్ళలో ఆ గుమస్తా ఎదుట నిలబడ్డవాళ్ళు ఉండొచ్చు, వాళ్ళ పిల్లలైతే తప్పకుండా ఉంటారు. కాబట్టి మార్కులు వద్దు, వీడియో అసలు వద్దు. "మీరు సిటిజనేనా?" అని ఎవరినీ అడగకు. అడిగావంటే గ్రీన్‌కార్డు వాళ్ళు మళ్ళీ ఆ ఛాయలకి రారు.

మన తెలుగువాళ్ళు వచ్చి 128 జవాబులూ గడగడా చెప్పి ఛాతీ విరుచుకుంటే మాత్రం, 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో ఏం జరిగిందో అడుగు. అమెరికా సైన్యంలో పనిచేసిన మనిషి ఆయన. తెల్లవాడు కాదు కాబట్టి పౌరసత్వానికి అర్హుడు కాదంది సుప్రీంకోర్టు. మనవాళ్ళకి ఆ తలుపు చట్టంతో తెరుచుకుంది 1946లో. దలీప్ సింగ్ సౌంద్ అనే పంజాబీ ఆయన కాలిఫోర్నియా నుంచి ఇక్కడి పార్లమెంటు అయిన కాంగ్రెస్‌కి ఎన్నికైంది ఆ తర్వాత పదేళ్ళకి. ఆ జాబితా మొత్తం బట్టీపట్టినవాళ్ళలో ఎంతమంది చెబుతారో నాకూ చూడాలనే ఉంది.

బల్లకి అటొకరూ ఇటొకరూ కాకుండా, ఒకే వైపు రెండు కుర్చీలు వేయించు. అట్టముక్కల మీద అక్షరాలు పెద్దవిగా రాయి, కళ్ళజోడు మరిచిపోయి వచ్చేవాళ్ళుంటారు. నేను ముందురోజు సాయంత్రానికే దిగుతాను. మీ పెద్దమ్మ సున్నుండలు చేసి పంపుతానంటోంది. ఎంతమందికి చెయ్యాలో రేపటిలోగా ఫోన్ చేసి చెప్పు, మినుములు తెచ్చుకోవాలట.

మీ పెదనాన్న