ఎవరి మెయిల్స్ ఆపాలి, ఎలా ఆపాలి

చిత్తూరు

చిరంజీవి హరికి, పెద్దనాన్న ఆశీస్సులు.

తిరుపతిలో మీ కాలేజీ పాఠాలు, అసైన్‌మెంట్లు ఆన్‌లైన్‌లో నడిచే మూడుల్ పోర్టల్ నీ చేతికొచ్చిందని తెలిసి సంతోషం. ఒకపక్క "మాకు మెయిల్స్ ఆపేయండి సార్" అనేవాళ్ళు, ఇంకోపక్క చేరక తిరిగొచ్చిన మెయిల్స్ గుట్ట అని రాశావు. టెన్షన్ పడేంత పనేమీ కాదు గానీ, తొందరపడితే చెడుతుంది. ఎవరి ఖాతాలోకైనా వెళ్ళి నోటిఫికేషన్లు ఆపే అధికారం అడ్మిన్‌కి, అంటే పోర్టల్ నడిపే నీకు, ఉంది. ఎవరికి ఆపాలన్నదే తేల్చుకోవాలి.

ముందు తిరిగొచ్చిన మెయిల్ తెరిచి చదువు. చాలామంది సబ్జెక్ట్ చూసి డిలీట్ కొట్టేస్తారు. లోపల మూడంకెల కోడ్ ఉంటుంది. 4తో మొదలైతే ఆ ఇబ్బంది తాత్కాలికం. 550, పక్కనే 5.1.1 ఉంటే ఆ చిరునామాయే లేదని అర్థం. 4.2.2 గానీ 5.2.2 గానీ కనిపిస్తే పెట్టె నిండిపోయింది. జీమెయిల్‌లో ఉచితంగా ఇచ్చే 15 జీబీ ఫోటోలకే చాలదు మరి. అలాంటి పిల్లవాడికి ఫోన్ చేసి ఖాళీ చేసుకోమను, అంతే. అతని ఖాతా జోలికి వెళ్ళొద్దు.

మన ప్రాంతంలో అసలు చిక్కు నెట్ సెంటర్ దగ్గర మొదలవుతుంది. ఈఏపీసెట్ అప్లికేషన్ నింపేటప్పుడు పల్లె నుంచి వచ్చిన పిల్లకు మెయిల్ ఐడీ లేకపోతే, అక్కడి అబ్బాయి తన ఐడీ కొట్టేస్తాడు. అదే అడ్మిషన్ రికార్డులోకి, అక్కణ్ణుంచి పోర్టల్‌లోకి వస్తుంది. మూడుల్ మామూలుగా ఒకే మెయిల్‌తో రెండు ఖాతాలు ఒప్పుకోదు గానీ, ఒప్పుకునేలా చేసే సెట్టింగ్ ఒకటుంది. అది ఎవరైనా తెరిచిపెట్టారేమో చూడు. తెరిచి ఉంటే బాలాజీ కాలనీలో ఎవరో ఒకాయనకు నలుగురు పిల్లల ఇంటర్నల్ మార్కులు, పాస్‌వర్డ్ మార్చే లింకులు చేరుతుంటాయి. ఆయన విసిగిపోయి ఆపమని ఫోన్ చేస్తే, ఆపి ఊరుకోకు. పిల్లల్ని పిలిచి సొంత ఐడీ చేయించి మార్చు. యూజర్ల జాబితాలో ఈమెయిల్ అన్న శీర్షిక నొక్కితే ఒకే ఐడీ ఉన్నవాళ్ళంతా ఒకరి కింద ఒకరు కనిపిస్తారు.

పాసై వెళ్ళిపోయినవాళ్ళ ఖాతా సస్పెండ్ చేస్తే నోటిఫికేషన్లు వాటంతట అవే ఆగుతాయి, లాగిన్ కూడా పోతుంది. వీళ్ళను అలా వదిలేస్తే విసుగొచ్చి స్పామ్ బటన్ నొక్కుతారు. జీమెయిల్ 2024 ఫిబ్రవరి నుంచి, రోజుకు 5,000 మెయిల్స్ దాటి పంపేవాళ్ళకు స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదని షరతు పెట్టింది. మీరు అన్ని పంపకపోవచ్చు, అయినా పేరు చెడితే చదువుతున్న పిల్లల హాల్ టికెట్ మెయిల్ కూడా స్పామ్‌లో పడుతుంది.

ఇంకోటి, రాయడానికి మనసొప్పకపోయినా రాస్తున్నా. చనిపోయిన విద్యార్థి ఖాతాలో చాలాసార్లు తండ్రి మెయిల్ ఉంటుంది. "మీ అసైన్‌మెంట్ గడువు రేపటితో ముగుస్తుంది" అని ఆ ఇంటికి వెళ్ళకూడదు. కబురు తెలిసిన రోజే, ఎవరూ అడగక ముందే ఆపు. ఆఫీసు నుంచి కాగితం వచ్చేదాకా ఆగొద్దు.

ఆపే పద్ధతి తేలికే. ఆ వ్యక్తి ప్రొఫైల్, ప్రిఫరెన్సెస్, నోటిఫికేషన్ ప్రిఫరెన్సెస్. పైన "డిజేబుల్ నోటిఫికేషన్స్" దగ్గర టిక్ పెట్టాలి. అయితే అది మెయిల్‌తో పాటు పోర్టల్‌లో గంట గుర్తు దగ్గర వచ్చేవాటినీ ఆపేస్తుంది. మెయిల్ ఒక్కటే వద్దంటే కింద మెయిల్ అన్న నిలువు వరుసలో ఉన్నవి మాత్రమే ఆపు. ముందు టెస్ట్ ఖాతా మీద చేసి, పాస్‌వర్డ్ రీసెట్ మెయిల్ వస్తోందో లేదో చూసుకో. ఆపమనే లెక్చరర్లలో సగం మందికి నిజానికి ఫోరమ్ (పోర్టల్‌లోని చర్చల) మెయిల్స్‌తోనే విసుగు. వాళ్ళకు డైజెస్ట్ పెడితే అవన్నీ రోజుకొక్క మెయిల్‌గా వస్తాయి, గొడవ వదిలిపోతుంది.

కొందరు అడ్మిన్లు ఖాతాలో ఏబీసీ అని ఏదో తోచిన చిరునామా పెట్టి చేతులు దులుపుకుంటారు. నాకు ఒళ్ళు మండేది అక్కడే. ఆ చిరునామా ఎవరిదో అయి ఉంటుంది, మన పిల్లల వివరాలు వాళ్ళకు పోతాయి. ఉత్తుత్తి చిరునామా పెట్టక తప్పకపోతే చివర డాట్ ఇన్‌వాలిడ్ (.invalid) అని పెట్టు. ఎవరికీ దక్కకుండా 1999లోనే దాన్ని పక్కన పెట్టారు. మూడుల్ కూడా దానికి మెయిల్ పంపదు.

చివరగా, ప్రొఫైల్‌లో అడ్మిన్‌కి మాత్రమే కనిపించే గడి ఒకటి అదనంగా చేర్చు. ఎవరు ఆపమన్నారు, ఎందుకు, ఎప్పటిదాకా అని అందులో రాయి. ఆపిన సంగతి ఆ మనిషికీ చెప్పు. ప్రసూతి సెలవులో ఉన్న మేడం ఆపమన్నారని రాశావు కదా, ఆవిడ ఖాతాతోనే మొదలుపెట్టు. దసరా తర్వాత చేరతారంటున్నావు కాబట్టి ఆ తేదీ గడిలో వేసి, నీ ఫోన్‌లో కూడా రిమైండర్ పెట్టుకో.

మీ
పెద్దనాన్న