మళ్లీ పిట్టేనా నాన్నా?

ప్రశ్న: విత్తనాల కంపెనీలో సేల్స్ ఉద్యోగం నాది. నెలకు ఇరవై రోజులు కర్నూలు, కడప జిల్లాల పల్లెల్లో బైక్ మీదే గడిచిపోతుంది. దారిలో పిట్ట కనిపించినా, పురుగు కనిపించినా ఆగి చూడటం నాలుగేళ్లుగా అలవాటైంది. కానీ ఈ సంతోషం పంచుకోవడానికి మనిషి దొరకడం లేదండీ. ఫ్రెండ్స్ గ్రూపులో ఫొటో పెడితే ఒక బొటనవేలు బొమ్మ వస్తుంది, అంతే. ఇంట్లో మా పాప "మళ్లీ పిట్టేనా నాన్నా?" అంటుంది. నేను చదివింది బీకామ్. నా మాటకు విలువ ఉంటుందా? ఎలా చెబితే వింటారు? – ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: ముందు పాప సంగతి చూద్దాం, నాకు అదే ముఖ్యమనిపించింది. మీరు ఎండలో బైక్ ఆపి, పది నిమిషాలు కదలకుండా నిలబడి ఆ పిట్ట ఏం చేస్తుందో చూశారు, అందుకే మీకు అంత ఆనందం. పాప చేతికి వచ్చేసరికి అందులో మిగిలింది ఒక ఫొటో, ఒక పేరు. ఇక తను అడగడానికి ఏముంటుంది?

వానాకాలంలో ఒక ఆదివారం గిజిగాడి గూళ్లున్న చెట్టు దగ్గరికి తీసుకెళ్లండి, మీ దారుల్లో బావుల పక్కన ఈత చెట్లకో తుమ్మ చెట్లకో వేలాడుతూ కనిపిస్తూనే ఉంటాయి. పేరు తర్వాత చెప్పొచ్చు. ముందు గూళ్లన్నీ ఒకేలా ఉన్నాయో లేదో చూడమనండి. కొన్ని బోర్లించిన టోపీలా సగంలోనే ఆగిపోయి ఉంటాయి. గూడు అల్లేది మగపిట్ట. పచ్చి గడ్డి పోచలు, చెరకు ఆకుల చీలికలు ఒక్కొక్కటే తెచ్చి, వందలసార్లు తిరిగి అల్లుతుంది. గూడు సగమయ్యాక ఆడపిట్ట వచ్చి చూస్తుంది. నచ్చితేనే మగపిట్ట కింది గొట్టం కట్టి పూర్తి చేస్తుంది, నచ్చకపోతే దాన్ని అలాగే వదిలేసి ఇంకొకటి మొదలుపెడుతుంది. వీటిలో ఏది పూర్తవుతుందో చెప్పమని పాపను అడగండి, వారం తర్వాత మళ్లీ తీసుకెళ్లి చూపించండి. ఆ వారమంతా తనే మిమ్మల్ని ప్రశ్నలు వేస్తుంది.

బీకామ్ గురించి బాధపడకండి. మీరు తిరిగే కడప జిల్లా సంగతే తీసుకోండి. కలివి కోడి అనే అరుదైన పిట్టను 1848లో జెర్డాన్ అనే ఇంగ్లిష్ డాక్టరు లోకానికి పరిచయం చేశాడు. 1900 తర్వాత అది శాస్త్రవేత్తలెవరికీ కనిపించకపోవడంతో అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో మళ్లీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ ఆ చుట్టుపక్కల వెతుకుతూ ఉంటే, ఐతన్న అనే స్థానికుడు ఒక రాత్రి దాన్ని పట్టుకున్నాడు. ఆ పిట్ట రాత్రిపూట తిరుగుతుందని, ఎలాంటి పొదల మధ్య ఉంటుందని ఊరివాళ్లకు తెలుసు. ఆ తెలిసినవాళ్లని అడిగాకే అది దొరికింది! ఊరూరా తిరిగి గొర్రెల కాపరులతో, రైతులతో రోజూ మాట్లాడే ఉద్యోగం మీది. అడగాల్సినవాళ్లంతా మీ దారిలోనే ఉన్నారు. వాళ్లు వాడే పేర్లు కూడా రాసుకోండి. ఒకే పిట్టకు ఒక ఊళ్లో ఒక పేరు, ఇంకో ఊళ్లో ఇంకో పేరు ఉంటుంది.

టీ కొట్టు దగ్గర ఎవరైనా మీ బైనాక్యులర్ వైపు చూస్తే వాళ్ల చేతికే ఇచ్చేయండి. పులికాట్ దగ్గర నేను ఒక ముసలి జాలరికి ఇచ్చాను. ఆయన పుట్టినప్పటి నుంచి రాజహంసల్ని చూస్తున్నాడు. అవి ముక్కును తలకిందులుగా నీళ్లలో పెట్టి, మేతను వడకట్టుకుని తినడం మాత్రం ఆరోజే దగ్గరగా చూశాడు. చాలాసేపు బైనాక్యులర్ దించలేదు. తర్వాత ఏ నెలలో ఏ పక్క నీళ్లు పలచబడతాయో, పిట్టలు ఎటు జరుగుతాయో అరగంట సేపు ఆయనే నాకు చెప్పాడు. నేను ఏ పుస్తకంలోనూ చదవని విషయాలు అవి.

ఇక రాసిపెట్టుకోవడం. తేదీ, టైమ్, ఊరు, ఎన్ని కనిపించాయి, ఏం చేస్తున్నాయి, ఇంత చాలు. చూసిన పక్షుల జాబితాలు పెట్టే ఈబర్డ్ యాప్‌లో పెడితే, ఒక పావుగంట చూసి అందులో గుర్తుపట్టిన పక్షులన్నీ రాయండి, కాకిని కూడా వదలకండి. మీరు అన్నీ రాస్తారని తెలిస్తేనే మీ జాబితాలో లేని పక్షి ఆ పూట మీ కంటపడలేదని లెక్క కట్టగలుగుతారు. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు పక్షుల గణన జరుగుతుంది, మన దేశంలో 2013 నుంచి ఉంది. ఎక్కడున్నా కనీసం పావుగంట చూసి రాస్తే చాలు, పాపను కూర్చోబెట్టుకుని మీ మేడ మీద నుంచే చేయొచ్చు.

ప్రశ్న: మా చేనులో తీతువు పిట్ట నాలుగు గుడ్లు పెడితే వీడియో తీసి ఊరి పేరుతో సహా పెట్టాను. రెండు రోజులు పిల్లలు గుంపులుగా వచ్చారు, మూడో రోజు గుడ్లు లేవు. అప్పటి నుంచి మనసు బాగోలేదు. – ఒక పాఠకురాలు, సూర్యాపేట

జవాబు: మీ బాధ నాకు అర్థమైందమ్మా. గుడ్లను కుక్కో కాకో తిని ఉండొచ్చు కూడా, అంతా మీ మీదే వేసుకోకండి. అయితే ఇకపైన గూడు, గుడ్లు, పిల్లలు ఉన్నచోటు మాత్రం ఎవరికీ చెప్పకండి, పిల్లలు ఎదిగి వెళ్లిపోయాక వీడియో పెట్టండి. ఫోన్లో లొకేషన్ ఆన్‌లో ఉంటే ఫొటోలోనే చోటు నమోదవుతుంది, దాన్ని ఆపేయండి. తీతువు గుడ్లు పెట్టేది ఉత్త నేల మీద, అదీ ఎండాకాలంలో. పొట్ట ఈకలు నీళ్లలో తడుపుకొచ్చి మరీ గుడ్లను చల్లబరుస్తుంది. మనం దగ్గర నిలబడినంతసేపు అది అరుస్తూ మన చుట్టూ తిరుగుతుంది, గుడ్లు ఎండలో ఉడికిపోతాయి. అది అరవడం మొదలుపెట్టగానే వెనక్కి వచ్చేయండి.

ప్రశ్న: మొదటిసారి బైనాక్యులర్ కొంటున్నాను. ఏది మంచిది? – ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: 8×42 తీసుకోండి. మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దగా కనిపిస్తుందో చెబుతుంది, రెండోది ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. పది రెట్లదైతే చెయ్యి కొంచెం వణికినా బొమ్మ కదిలిపోతుంది, కొత్తవాళ్లకు పిట్టను పట్టుకోవడమే కష్టం. బ్యాగు బరువు తగ్గాలంటే 8×32. కళ్లజోడు ఉంటే కంటి దగ్గర రబ్బరు గిన్నెల్ని కిందికి తిప్పుకుని చూడండి. కొనేముందు షాపు బయటికి వచ్చి, దూరంగా ఏదైనా బోర్డు మీద అక్షరాలు అంచుల దాకా స్పష్టంగా ఉన్నాయో లేదో చూసుకోండి.