షెడ్డులో వేడికి ఐఎండీ లెక్క ఒక్కటే చాలదు

ఖమ్మం కుట్టు షెడ్డులో వేడికి పని ఎంత తగ్గుతుందో తేల్చే మీ పరిశోధనకు ఐఎండీ (భారత వాతావరణ శాఖ) డేటా ఒక్కటే చాలదని మీ గైడు అన్నారన్నారు కదా, అది నిజమేనండి. షెడ్డులో పని తగ్గడాన్ని ఐఎండీ గ్రిడ్ ఉష్ణోగ్రతతో, అంటే దేశాన్ని గడులుగా విడగొట్టి గడికొకటి చొప్పున ఇచ్చే అంకెతో పోలిస్తే లెక్క కుదరదు. ఆ గడి అక్షాంశ రేఖాంశాల్లో 1 డిగ్రీ, అంటే ఒక్కో వైపు 100 కిలోమీటర్ల పైనే. రేకుల కింద ఉక్కపోత దానికేం తెలుస్తుంది? లోపలే తడిబల్బు (తడిగుడ్డ చుట్టినది), నల్లగోళం (చుట్టూ ఉన్న సెగను పట్టేది) థర్మామీటర్లు పెట్టి గంటగంటకూ రాసుకోండి. ఎండ తగలని చోట డబ్ల్యూబీజీటీ (ఒంటి మీద వేడి ఒత్తిడిని చెప్పే సూచీ) అంటే తడిబల్బు రీడింగుకు 0.7 వంతు, గోళం రీడింగుకు 0.3 వంతు కలపడమే. పరికరాలు అద్దెకు దొరుకుతాయేమో ముందు మీ డిపార్ట్‌మెంటులో అడగండి, కొనేయకండి.

ఐఎండీ డేటా మాత్రం పారేయొద్దు, పాతికేళ్ల ధోరణి చూడాలంటే అదే దిక్కు.

అసలు చిక్కు మేనేజ్‌మెంటు వైపుంది. పీసు రేటు వాళ్లు డబ్బు పోతుందని ఉక్కలోనూ పని ఆపి లేవరు, రోజుకూలీ వాళ్లు లేస్తారు. రెండు గుంపుల్నీ లెక్కలో విడదీయండి. మేలో షిఫ్టు తెల్లవారుజామునకు జరిపి ఉంటే ఆ తేదీ కూడా మీ గణాంకాల మోడల్‌లో పెట్టండి, లేదంటే వేడి ప్రభావం ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది.