వర్చువల్ డైరెక్టరీ చాలునా, ఐడెంటిటీ మేనేజ్‌మెంట్ కావాలా?

ప్రశ్న: తిరుపతిలోని ఒక కళాశాలలో సిస్టమ్స్ అడ్మినిస్ట్రేటరుగా పనిచేస్తున్నాను. ఉద్యోగుల వివరాలు మైక్రోసాఫ్ట్ వారి యాక్టివ్ డైరెక్టరీలో, విద్యార్థుల వివరాలు మైఎస్‌క్యూఎల్ డేటాబేసులో ఉన్నాయి. గ్రంథాలయంలోని కోహా సాఫ్ట్‌వేరుకు సొంత జాబితా ఉంది. అన్నింటికీ ఒకే లాగిన్ ఉండాలని యాజమాన్యం కోరుతోంది. వర్చువల్ డైరెక్టరీతో సరిపెట్టుకోవచ్చా, ఐడెంటిటీ మేనేజ్‌మెంట్ ఫ్రేమ్‌వర్కుకే వెళ్ళాలా? దయచేసి తెలియజేయగలరు.

జవాబు: ఇవి ఒకదానికి మరొకటి బదులు కావు. మీ ఊరి బస్టాండులో విచారణ కౌంటరు దగ్గర కూర్చున్నవారు అలిపిరి డిపోనో మంగళం డిపోనో అడిగి సమాధానం చెబుతారే తప్ప బస్సును వెయ్యలేరు, ఆపలేరు. వర్చువల్ డైరెక్టరీది ముఖ్యంగా ఆ కౌంటరు పనే. అప్లికేషను ఎల్‌డ్యాప్‌లో (డైరెక్టరీలను ప్రశ్నించే ప్రామాణిక భాషలో) అడిగిన ప్రశ్నను అందుకొని, మైఎస్‌క్యూఎల్‌ను దాని భాషలోనూ యాక్టివ్ డైరెక్టరీని దాని భాషలోనూ అడిగి, వచ్చిన జవాబులను కలిపి, ఉన్నది ఒక్కటే డైరెక్టరీ అన్నట్లుగా చూపిస్తుంది. వివరాలు ఎక్కడివక్కడే ఉంటాయి కనుక త్వరగా అమర్చుకోవచ్చు. అయితే వెనకున్న సర్వరు ఆగితే దాని మీద ఆధారపడినవారి లాగిన్లూ ఆగుతాయి. అందుకని క్యాష్ (జవాబుల తాత్కాలిక నకలు) పెడితే పాత సమాచారపు బెడద మొదలవుతుంది.

ఐడెంటిటీ మేనేజ్‌మెంట్‌ది డిపో మేనేజరు పని. ఉద్యోగి చేరగానే కనెక్టర్ల (ఒక్కో వ్యవస్థతో కలిపే చిన్న ప్రోగ్రాముల) ద్వారా అవసరమైన చోట్ల ఖాతాలు తెరవడం, విభాగం మారితే హక్కులు మార్చడం, పదవీ విరమణ రోజున అన్నీ మూయడం, ఎవరైనా చేత్తో చేసిన మార్పులను పోల్చి పట్టుకోవడం దాని బాధ్యతలు. ఓపెన్ సోర్సులో మిడ్‌పాయింట్ ఇటువంటిది. కీక్లోక్‌ను కూడా చాలామంది ఈ కోవలోనే వేస్తారు గాని, అది ప్రధానంగా లాగిన్ వ్యవహారం చూసేది.

మీ కోహానే తీసుకోండి. అందులో ఎల్‌డ్యాప్ అమరికల్లో ‘రెప్లికేట్’ను 1గా పెడితే, మొదటిసారి లాగిన్ అయినవారి రికార్డు కోహా పట్టికలో కొత్తగా ఏర్పడుతుంది, ఆ మనిషి కళాశాల వదిలి, మూలంలో పేరు తీసేసినా, ఆ నకలు అక్కడే ఉండిపోతుంది. కౌంటరులో కూర్చున్నవారు దాన్ని చెరపలేరు. పాస్‌వర్డు నకలు కూడా అక్కడ చేరకుండా ‘అప్‌డేట్ పాస్‌వర్డ్’ను 0గా ఉంచండి.

ఏది ఎంచుకున్నా అసలు కష్టం మనుషులను జతపరచడంలోనే ఉంది. మన చిత్తూరు వైపు మునిరత్నం అనే పేరును ఇంగ్లీషులో రాసేటప్పుడు చివర ‘టి’ తర్వాత ‘హెచ్’ పెట్టేవారూ ఉన్నారు, పెట్టనివారూ ఉన్నారు. ఇంటిపేరు ఒకచోట ముందుంటే మరొకచోట పొడి అక్షరంగా వెనక ఉంటుంది. పేర్లతో పోల్చే ప్రయత్నం మానుకొని, ఉద్యోగి సంఖ్యను, విద్యార్థి ప్రవేశ సంఖ్యను మూడు జాబితాల్లోనూ ముందుగా నింపించండి. ఆ పని పూర్తయ్యాక లాగిన్లకు మాత్రం వర్చువల్ డైరెక్టరీ పెట్టి, వెళ్ళిపోయినవారి ఖాతాలను చేత్తో మూయడం మీ శక్తికి మించినప్పుడు మిడ్‌పాయింట్ వంటిదాని గురించి ఆలోచించవచ్చు.