పగులు ఆగుతుందా, పాకుతుందా: లెక్క ఎలా వేస్తారు?

సన్న పగులు ఎప్పుడు పెరుగుతుందో ముందే ఎలా చెప్తారని అడిగారు కదా. 1921లో బ్రిటిష్ ఇంజనీర్ గ్రిఫిత్ గాజు మీద ప్రయోగాలు చేసి తేల్చింది ఇదీ: పగులు కాస్త ముందుకు జరిగితే సాగిన పదార్థంలో దాగున్న శక్తి కొంత విడుదలవుతుంది, కొత్త ఉపరితలాలు ఏర్పడడానికి అది చాలితే పగులు పాకుతుంది, చాలకపోతే ఆగుతుంది.

మన వైజాగ్ ఫిషింగ్ హార్బర్‌లో ఉక్కు బోటు రేకు మీద పగులే తీసుకోండి. అలలు కుదిపిన ప్రతిసారీ అది పిసరంత సాగుతుంది. పగులు మొన దగ్గర ప్రతిబల తీవ్రత (లాగే ఒత్తిడి అక్కడ ఎంతగా పోగుపడిందో చెప్పే కొలత) పగులు పొడవు వర్గమూలంతో పెరుగుతుంది, అంటే పొడవు 4 రెట్లయితే తీవ్రత 2 రెట్లు. ఒక్కో కుదుపుకి పగులు ఎంత పెరుగుతుందో ఈ తీవ్రతని ఒక ఘాతానికి పెంచి చెప్పేది పారిస్ సూత్రం; ఉక్కుకి ఆ ఘాతం సుమారు 3 కాబట్టి పగులు పెరిగే వేగం 2×2×2, అంటే 8 రెట్లు! అందుకే ఆలస్యం చాలా ప్రమాదం. వెల్డర్ ముందు పగులు కొసన డ్రిల్‌తో గుండ్రటి రంధ్రం వేసేది, ఆ పదునైన మొనని పోగొట్టడానికే.