ఒకే ఆర్డరుకి రెండు మెసేజ్‌లు పోకుండా

బరంపురం

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

పట్టుచీరల ఆర్డర్ల సైటులో కొన్నవాళ్లకి మెసేజ్‌లు పంపే పని సెలెరీకి (సైటు ఆగకుండా పనుల్ని వెనకాల నడిపే పైథాన్ సాధనం) అప్పజెప్పావు, బాగుంది. నీ టెస్టులు మాత్రం 'డిలే (టాస్కుని, అంటే ఆ పనిని, వరసలో పెట్టే పిలుపు) పిలిచామా లేదా' దగ్గరే ఆగిపోయాయమ్మా. టాస్కు తొందరపడి ముందే నడిస్తే, రెండుసార్లు నడిస్తే ఏమవుతుందో కూడా అవి చెప్పాలి.

ముందు సెట్టింగుల్లోంచి 'టాస్క్ ఆల్వేస్ ఈగర్' తీసెయ్యి. అది ఉంటే టాస్కు అదే ట్రాన్సాక్షన్‌లో (డేటాబేసులో కలిసి జరిగే మార్పుల కట్టలో) అక్కడికక్కడే నడుస్తుంది, కమిట్ కాని, అంటే ఇంకా ఖాయంగా రాయని, ఆర్డరు కూడా దానికి కనిపిస్తుంది. అసలు సర్వర్‌లో టాస్కుల్ని నడిపే వర్కరు వేరే ప్రాసెస్. కమిట్ కాకముందే అందుకుంటే ఆర్డరు దొరక్క పడిపోతుంది. అందుకని డిలేని, కమిట్ అయ్యాకే నడిచే 'ఆన్ కమిట్'లో పెట్టి, ఆర్డరు ఐడీ ఒక్కటే పంపు. నీ సైటు నడిచే జాంగోలోని టెస్ట్‌కేస్‌లో కమిట్ జరగదు కాబట్టి ఆ కాల్‌బ్యాక్ నడవదు. జాంగో 3.2 నుంచి ఉన్న 'క్యాప్చర్ ఆన్ కమిట్ కాల్‌బ్యాక్స్'కి ఎగ్జిక్యూట్ ట్రూ ఇస్తే నడుస్తుంది.

నన్ను ఎక్కువ భయపెట్టేది మెసేజ్ మర్నాడు పోవాలని టాస్కుకి నువ్వు పెట్టిన 24 గంటల కౌంట్‌డౌన్. టాస్కుల వరసని ఉంచుకునే రెడిస్ బ్రోకరుకి విజిబిలిటీ టైమౌట్ (వర్కరు జవాబు కోసం చూసే గడువు) మార్చకపోతే 1 గంటే. ఆలోపు వర్కరు నుంచి అందినట్టు కబురు రాకపోతే అదే టాస్కుని ఇంకో వర్కరుకి ఇచ్చేస్తుంది. మర్నాడు 'మీ చీర సిద్ధం' అని ఒకే మనిషికి మెసేజ్‌లు వరసపెట్టి పోతాయి. పంపాల్సిన సమయం టేబుల్లో రాసుకుని, పది నిమిషాలకోసారి బీట్‌తో (వేళకి టాస్కులు మొదలుపెట్టే సెలెరీ గడియారం) చూడు.

అయినా రెండుసార్లు నడవదని నమ్మకు. టెస్టులో ఒకే ఐడీతో టాస్కుని రెండుసార్లు అప్లై చేసి (వర్కరు లేకుండా అక్కడే నడిపి), నకిలీ గేట్‌వేకి (ఎస్సెమ్మెస్‌లు పంపే సర్వీసుకి బదులు పెట్టినదానికి) ఎన్ని పిలుపులు వెళ్లాయో లెక్కపెట్టు: 1 రావాలి. 'ఇంతకుముందు పంపామా' అని చూసుకోవడం చాలదు, ఇద్దరు వర్కర్లు ఒకేసారి చూస్తే ఇద్దరికీ లేదనే కనిపిస్తుంది. పంపిన మెసేజ్‌ల రికార్డులకి ఆర్డరు ఐడీ, మెసేజ్ రకం కలిపి యునీక్ కన్‌స్ట్రెయింట్ (అదే జోడీని రెండోసారి చేరనివ్వని నియమం) పెట్టు. ఆ రికార్డు చేర్చడం, గేట్‌వేని పిలవడం ఒకే అటామిక్ బ్లాకులో (మధ్యలో ఏది పడినా డేటాబేసు మార్పులన్నీ వెనక్కి పోతాయి) ఉంచి, మళ్లీ ప్రయత్నించే రీట్రైని ఆ బ్లాకు బయట రాయి. గేట్‌వే పడిపోతే రికార్డూ పోతుంది, మళ్లీ పంపడానికి అడ్డుండదు. మెసేజ్ వెళ్లిపోయి, జవాబు వచ్చేలోపు లైను తెగితే మాత్రం ఇది ఆపలేదు. గేట్‌వే మన రిఫరెన్స్ నంబరు తీసుకుని, అదే నంబరు మళ్లీ వస్తే ఆపేదైతే అక్కడ ఆర్డరు ఐడీ, మెసేజ్ రకం కలిపి ఇవ్వు.

రీట్రైకి: గేట్‌వే ప్రతిసారీ టైమౌట్ ఇచ్చేలా పెట్టు. మాక్స్ రీట్రైస్ మామూలు 3 అయితే, మొదటిదానితో కలిపి పిలుపులు 4 రావాలి. అప్లైతో నడిపితే రీట్రైల మధ్య మామూలుగా ఉండే 180 సెకన్ల విరామం ఉండదు.

ఒడియా, తెలుగు మెసేజ్‌ల పొడవుకీ ఒక టెస్టు రాయి. మన లిపిలో ఒక ఎస్సెమ్మెస్‌కి 70 అక్షరాలే, దాటితే 67 చొప్పున ముక్కలై ఖర్చు రెట్టింపు. 'శ్రీ' కంటికి ఒకటే, లెక్కలో 4. టెస్టులో పొట్టి పేర్లు పెట్టకు, ఇంటిపేరుతో సహా ఉన్న పొడుగాటి పేరు పెట్టు.

మావయ్య